ఎవో 9 నుంచి ఎవో 10కి మారాక: చాన్నాళ్ల వాడకం తర్వాత నా మాట

మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 10 (ఎవో 10) కారు అనగానే ముందు హార్స్‌పవర్ ఎంత అని అడుగుతారు. 9 నడిపి దీనికి మారిన నాకు పవర్‌లో అంత తేడా అనిపించలేదు. అసలు మార్పంతా బరువు ఎక్కడ పెట్టారు, ఏ చక్రానికి ఎంత టార్క్ (తిప్పే బలం) పంపుతున్నారు అన్న దాంట్లోనే ఉంది.

ముందు ఇంజిన్. ఏళ్ల తరబడి వాడిన ఇనుప బ్లాకు 4జీ63ని పక్కనపెట్టి, 2007లో అల్యూమినియం బ్లాకుతో 4బీ11 తెచ్చారు. రెండూ 2 లీటర్లవే, కొత్తది సుమారు 12 కిలోలు తేలిక. టైమింగ్ బెల్టు పోయి చెయిన్ వచ్చింది కాబట్టి బెల్టు మార్చే గడువు దగ్గరపడుతోందన్న టెన్షన్ లేదు (చెయినే కదా అని ఆయిల్ మార్చడం వాయిదా వేస్తే అదీ సాగుతుంది, అది వేరే సంగతి). వాల్వ్ టైమింగ్ మార్చే మైవెక్ 9లో ఇన్‌టేక్ వైపే ఉండేది, ఇందులో ఎగ్జాస్ట్ వైపు కూడా ఉంది. బ్యాటరీ, వాషర్ నీళ్ల ట్యాంకు డిక్కీలోకి పోయాయి, రూఫ్, బానెట్ అల్యూమినియం. ఇంత చేసినా మొత్తమ్మీద బండి 9 కంటే బరువే.

ఆ బరువు మలుపులో తెలియనివ్వకపోవడమే ఎస్-ఏడబ్ల్యూసీ (నాలుగు చక్రాలకూ టార్క్ పంచే సిస్టమ్) గొప్ప. తడి రోడ్డు, పోనుపోను ఇంకా బిగుసుకునే మలుపు అనుకోండి. మామూలు ఆల్ వీల్ డ్రైవ్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ముక్కు బయటికి జారుతుంది. ఇందులో సగం మలుపులోనే తొక్కితే వెనక డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలకు టార్క్ పంచే గేర్ల పెట్టె) ఉన్న ఏవైసీ అనే క్లచ్‌ల సిస్టమ్ బయటి చక్రానికి ఎక్కువ టార్క్ ఇస్తుంది, దాంతో ముక్కు లోపలికే తిరుగుతుంది, తిప్పిన స్టీరింగ్‌ను మనమే కాస్త వెనక్కి వదలాల్సి వస్తుంది. మొదట్లో నమ్మబుద్ధి కాలేదు. టార్మాక్, గ్రావెల్, స్నో అని మూడు మోడ్‌లున్నాయి, వానలో నేను గ్రావెల్‌లోనే పెడతాను. స్టీరింగ్‌లో రోడ్డు తెలియడం మాత్రం 9లోనే బాగుండేది.

మాన్యువల్‌లో 5 గేర్లే. 9లోని ఎంఆర్ వేరియంట్‌లో 6 ఉండేవి. హైవేలో ఆర్‌పీఎం పైనే తిరుగుతుంటుంది, పెట్రోలు సంగతి అడక్కండి. వెనక సీటు మడవదు.

మెయింటెనెన్స్ దగ్గరే అసలు ఓపిక కావాలి. ట్రాన్స్‌ఫర్ కేసుకి (ముందు, వెనక చక్రాలకు పవర్ విడదీసే పెట్టె) ఒక ఆయిల్, వెనక డిఫ్‌లో గేర్లకి ఒకటి, క్లచ్‌లకి ఇంకోటి, ఆ క్లచ్‌లను బిగించే పంపుకి హైడ్రాలిక్ ఫ్లూయిడ్. ఒక టైర్ల షాపులో అరిగిన రెండింటి బదులు కొత్తవి రెండే వేసి పంపారు. ముందు, వెనక చుట్టుకొలతలు తేడాగా ఉంటే ఆ రెంటి మధ్య టార్క్ పంచే సెంటర్ డిఫ్‌లోని క్లచ్ నేరుగా వెళ్తున్నప్పుడు కూడా జారుతూ వేడెక్కుతుంది. మళ్లీ వెళ్లి నాలుగూ ఒకే రకం వేయించాల్సి వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు బాడీ కిట్‌కి మురిసిపోకుండా ముందు నాలుగు టైర్ల అరుగుదల, ఆ ఆయిళ్ల బిల్లులు చూడండి. బిల్లులు లేవంటే బేరం కూడా ఆడొద్దు.