గ్రంథాలయ సంస్థ పాలకవర్గం పనితీరును కొలవడానికి ఏది మేలు: గణాంకాలా, స్వీయ సమీక్షా, సామాజిక తనిఖీయా, తీర్మానాల పుస్తకమా?

శ్రీకాకుళంలో మా పాఠకుల బృందం కలిసిన ప్రతిసారీ ఒకే ప్రశ్న ఎదురవుతోంది. టెక్కలి నుంచి వచ్చే ఉపాధ్యాయుడు, ఆమదాలవలసలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి, నరసన్నపేటలో పదవీ విరమణ చేసిన పెద్దాయన, ముగ్గురూ మూడు రకాలుగా అడిగినా అడిగేది ఒకటే: జిల్లాలోని పౌర గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థ పాలకవర్గం బాగా పనిచేస్తోందో లేదో మనం దేనిని చూసి చెప్పాలి? ఈ సంవత్సరం మేమే ఒక పద్ధతిని ఎంచుకోవలసి వచ్చింది కనుక, పరిశీలించిన నాలుగు మార్గాల గురించీ, వాటిలో నేను దేనివైపు మొగ్గానో, ఎందుకు మొగ్గానో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక తేడాను గుర్తుపెట్టుకోవాలి. గ్రంథాలయం ఎలా నడుస్తోంది అన్నది ఒక ప్రశ్న, దాని పాలకవర్గం ఎలా పనిచేస్తోంది అన్నది మరొకటి. మంచి గ్రంథపాలకుడు ఉన్నచోట పాలకవర్గం నిద్రపోతున్నా గ్రంథాలయం కళకళలాడవచ్చు. పాలకవర్గం ఎంత శ్రమపడినా సిబ్బంది ఖాళీలు నిండనిచోట తలుపులు సగం రోజే తెరుచుకోవచ్చు. ఈ రెండింటినీ కలిపేసిన కొలత ఏదైనా ఎవరో ఒకరికి అన్యాయం చేస్తుంది.

చాలామందికి మొదట తట్టేది గణాంకాలు. సభ్యులెంతమంది, రోజుకు పాఠకులెంతమంది, ఇంటికి ఇచ్చిన పుస్తకాలెన్ని అన్నవి ప్రతి శాఖలోనూ రిజిస్టర్లలో ఉంటాయి, ఏటికేడు పోల్చుకోవడం సులభం. మేమూ అక్కడి నుంచే మొదలుపెట్టాము. ఒక శాఖా గ్రంథాలయంలో హాజరు పట్టిక చూస్తే ఎంతో సంతోషం కలిగింది. ఉదయం నుంచి సాయంత్రం దాకా కుర్చీ ఖాళీ లేదు. అక్కడే ఒక పూట కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. వచ్చినవారిలో అత్యధికులు గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్ పరీక్షలకూ చదువుకునే యువకులు. పుస్తకాలు వారివే, నోట్సు వారివే, వారికి కావలసింది ఒక బల్ల, ఒక ఫ్యాను, కాస్త నిశ్శబ్దం. ఆ అవసరాన్ని నేను చిన్నచూపు చూడడం లేదు. ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లలకు ఆ బల్ల ఎంత విలువైనదో ఈ జిల్లాలో పుట్టిపెరిగినవారికి చెప్పనక్కర్లేదు. అయితే ఆ హాజరును పాలకవర్గం ఘనతగా లెక్కగట్టలేము, ఎందుకంటే ఉద్యోగ ప్రకటన వెలువడగానే పెరిగి, పరీక్ష అయిపోగానే తగ్గే సంఖ్య అది. గణాంకాలు గ్రంథాలయ వినియోగాన్ని చూపిస్తాయి. పాలకవర్గం ఆ వినియోగానికి ఏం తోడుచేసిందో చూపించవు.

రెండవది స్వీయ సమీక్ష. అమెరికా వంటి దేశాల్లో గ్రంథాలయ పాలక మండళ్లు ఒక ప్రశ్నావళిని ముందుపెట్టుకుని తమ పనిని తామే సమీక్షించుకునే అలవాటు ఉంది. సమావేశ పత్రాలను ముందుగా చదివి వస్తున్నామా, బడ్జెట్‌ను అర్థం చేసుకుని ఆమోదిస్తున్నామా, శాఖలను స్వయంగా చూశామా వంటి ప్రశ్నలకు సభ్యులు సమాధానాలు రాస్తారు. కొత్తగా నియమితులైన సభ్యుడికి తన విధులేమిటో నేర్పడంలో దీనికి సాటి లేదు. మన జిల్లా సంస్థల్లో అధ్యక్షుణ్నీ సభ్యులనూ ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది కనుక, పదవి చేపట్టిన మొదటి నెలలోనే అటువంటి ప్రశ్నావళి చేతికిస్తే ఎంతో మేలు జరుగుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ తన జవాబుపత్రాన్ని తానే దిద్దుకునే పద్ధతి పాఠకుడికి సమాధానం కాలేదు.

ఆడిట్ గురించి ఒక్క మాట చాలు. డబ్బు నిబంధనల ప్రకారం ఖర్చయిందా లేదా అని అది చెబుతుంది, అది అవసరమే. ఆ డబ్బు ఆ పనికే ఖర్చు కావలసిందా అన్నది దాని పరిధిలో లేదు.

సామాజిక తనిఖీ మాత్రం తేలిగ్గా పక్కన పెట్టదగినది కాదు. ఉపాధి హామీ పథకంలో రికార్డులను ఊరిలో చదివి వినిపించి, కూలీలను అడిగి సరిచూసి, ప్రజా వేదికలో అధికారుల చేత జవాబు చెప్పించే పద్ధతిని మన రాష్ట్రంలో ఎందరో కళ్లారా చూశారు. అదే పద్ధతిని గ్రంథాలయాలకు వర్తింపజేయాలని మా బృందంలో సగంమంది పట్టుబట్టారు. వారి వాదనలో బలముంది. గ్రంథాలయం గడప తొక్కనివారి మాట, ఉద్దానం పల్లెల్లోనో మెళియాపుట్టి కొండ ఊళ్లలోనో శాఖే అందుబాటులో లేనివారి మాట వినిపించడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

నా సంకోచానికి కారణం నేను చూసిన ఒక సమావేశం. ఊరు పేరు రాయను. పాఠకులు చాలామంది వచ్చారు, ప్రశ్నలన్నీ న్యాయమైనవే: కొత్త పుస్తకాలు ఎందుకు రాలేదు, పైకప్పు ఎందుకు కారుతోంది, మరుగుదొడ్డి ఎందుకు బాగుచేయించలేదు. వాటికి జవాబు చెప్పవలసిన పాలకవర్గ సభ్యులు ఒక్కరూ రాలేదు. రెండు శాఖల బాధ్యతను ఒంటిచేత్తో మోస్తున్న గ్రంథపాలకురాలు మాత్రం లేచి నిలబడి, తన చేతిలో లేని ప్రతి విషయానికీ మాటలు పడ్డారు. కొత్త పుస్తకాల కోసం ఆమె పంపిన జాబితా అంతకు ముందే పైకి వెళ్లిందనీ, అది ఏ సమావేశంలోనూ చర్చకు రాలేదనీ మాకు తరువాత తెలిసింది. రికార్డు ముందు లేకుండా జరిగే తనిఖీ, తప్పు చేసినవారిని వదిలి ఎదురుగా ఉన్నవారిని పట్టుకుంటుంది. ఆ రోజు ఆమె ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ఆ అనుభవమే నన్ను నాలుగవ మార్గమైన తీర్మానాల పుస్తకం, అంటే సమావేశాల మినిట్స్ వైపు నడిపించింది. పాలకవర్గానికి ఉన్న పని ప్రధానంగా సమావేశమై నిర్ణయించడం, ఆ నిర్ణయం అమలయ్యేదాకా వెంటపడడం. కనుక దాని పనితీరు రాతపూర్వకంగా మిగిలే చోటు మినిట్స్ పుస్తకమే. సంవత్సరంలో ఎన్నిసార్లు సమావేశమయ్యారు, ఎవరు హాజరయ్యారు, ఏం తీర్మానించారు, తరువాతి సమావేశంలో ఆ తీర్మానం గతి ఏమైందని ఎవరైనా అడిగారా అన్నవి వరుసగా చదివితే, ఏ గణాంకమూ చెప్పని సంగతి బయటపడుతుంది.

అందులోనూ నేను నిర్ణాయకంగా భావించే విషయం ఒకటుంది, అది గ్రంథాలయ సెస్సు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద పంచాయతీలూ పురపాలక సంఘాలూ ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తోందన్నమాట. 5 లక్షల పన్ను వసూలయ్యే పంచాయతీ నుంచి 40 వేలు రావాలి. పాఠకుడు కట్టిన ఆ డబ్బు స్థానిక సంస్థ ఖాతాలోనే ఆగిపోతే పుస్తకమూ రాదు, పత్రికా రాదు, కారే పైకప్పూ బాగుపడదు. సెస్సును సంస్థ నేరుగా వసూలు చేయదు, నిజమే. అందుకే దానికోసం ఎంత గట్టిగా అడిగిందన్నది పాలకవర్గానికి అసలైన పరీక్ష అవుతుంది. బకాయిల జాబితా పంచాయతీల వారీగా ఎజెండాలో ఎన్నిసార్లు కనిపించింది? ఎవరికి లేఖలు రాశారు? అధ్యక్షుడు కలెక్టరు దృష్టికి తీసుకువెళ్లారా? తరువాతి త్రైమాసికంలో ఎంత జమ అయింది? ఈ నాలుగింటికి మినిట్స్‌లో జవాబు దొరికిన పాలకవర్గానికి నేను మిగతా లోపాలను చాలావరకు మన్నిస్తాను. సిబ్బంది నియామకం వంటివి వారి చేతిలో ఉండవు కనుక, ఖాళీలు నిండకపోవడాన్ని వారి తప్పుగా రాయను. ఖాళీల గురించి తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపారా అన్నంతవరకే చూస్తాను.

ఈ మార్గానికీ లోటుంది. కొన్నిచోట్ల ప్రతి అంశం కిందా ‘చర్చించి ఆమోదించడమైనది’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది, చర్చ ఏమిటో తెలియదు. పాలకవర్గమే లేక ఒక అధికారి ఇన్‌ఛార్జిగా ఉన్న కాలంలో చదవడానికి మినిట్స్ ఉండవు, ఉత్తర్వుల ఫైలే గతి. అన్నిటికీ మించి, గ్రంథాలయమే లేని ఊరి గొంతు ఆ పుస్తకంలో వినిపించదు.

ఆ మాటకొస్తే, మా శ్రీకాకుళంలోనే ఉన్న కథానిలయం వంటి సంస్థకు ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు స్థాపించిన నాటి నుంచి దాని లక్ష్యం తెలుగు కథను సేకరించి భద్రపరచడం. చేరిన కథలూ, వాటి భద్రతా చూస్తే నిర్వాహకుల శ్రద్ధ తెలిసిపోతుంది. జిల్లా సంస్థ బాధ్యతలు అనేకం కనుకనే కొలబద్ద గురించి ఇంత ఆలోచన.

చివరికి మా బృందం అంగీకరించిన క్రమం ఇది: ముందు తీర్మానాల పుస్తకం, దాన్ని చేతపట్టుకుని తరువాత సామాజిక తనిఖీ, ఆ తనిఖీలో ముందు వరుసలో గ్రంథపాలకుల బదులు పాలకవర్గ సభ్యులు. గణాంకాలను సాక్ష్యంగా మాత్రమే వాడుకుంటాము. మినిట్స్ అడగడానికి ఎవరి దయా అవసరం లేదు. పాలక మండళ్ల సమావేశాల మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉన్నాయో లేదో ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తానే ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. జిల్లా స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల నాటికి ప్రతులు చేతిలో ఉండాలంటే అక్టోబరు మొదటి వారంలోనే దరఖాస్తు అందాలి. మా దరఖాస్తులో మొదటి అంశంగా గత మూడేళ్ల సెస్సు బకాయిలపై జరిగిన తీర్మానాలనే అడుగుతున్నాము.