బరువు తగ్గడానికి ఏ కొలత మేలు: కాటానా, సోలా, చేతి పిడికిలా?

పర్లాకిమిడిలో మా వీధి నుంచి మహేంద్రతనయ దాటితే పాతపట్నం వస్తుంది. ఏటికి అటు ఆంధ్ర, ఇటు ఒడిశా అయినా, బరువు తగ్గాలనుకున్నవారికి రెండు ఒడ్డులలోనూ పెద్దలు చెప్పే మాట ఒక్కటే: "అన్నం తగ్గించమ్మా." ఎంత నుంచి ఎంతకు తగ్గించాలో మాత్రం ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇప్పుడు ఎంత తింటున్నామో మనకే తెలియదు. ఎంత ప్రయత్నించినా బరువు తగ్గడం లేదని చెప్పిన కొందరిని పరీక్షించి, వారు తాము తిన్నదాన్ని అసలు కంటే 47 శాతం తక్కువగా లెక్క చెబుతున్నారని 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. వారు అబద్ధం చెప్పారని నేను అనుకోను. కంటికి తెలిసే లెక్క అంతే.

కొలుచుకుని తినడానికి మన ఇళ్ళలో మూడు దారులు ఉన్నాయి: గ్రాములు చూపే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి; ధాన్యం కొలిచే పాత కొలపాత్రలైన గిద్ద, సోల లేదా రోజూ బియ్యం పోసే స్టీలు గ్లాసు రెండోది; పిడికిలి, అరచేయి, దోసిలి అనే చేతి కొలత మూడోది. మూడింటినీ నెలల తరబడి వాడిన తరువాత నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, మొదటి నెల నేర్చుకోవడానికి కాటాకు సాటి లేదు, అన్నానికి ఆ తరువాత గిద్ద చాలు, కాని నూనెకూ వేరుసెనగ పిక్కలకూ మాత్రం కాటా ఎన్నటికీ పొయ్యి పక్కనే ఉండాలి.

కాటా కొన్న మొదటి రోజున మా ఇంటి స్టీలు గ్లాసును దాని మీద పెట్టి ఒక్కొక్క సరుకునూ నింపి తూచాను. బియ్యం అంచుకు సరిగా వేలితో గీస్తే 180 గ్రాములు, గోపురంగా పోస్తే 215 గ్రాములు వచ్చాయి. ఒకే గ్లాసు, ఒకే చెయ్యి, అయినా 35 గ్రాముల బియ్యం, అంటే దాదాపు 120 కిలో క్యాలరీల తేడా. చోడిపిండి, అంటే రాగిపిండి, 130 గ్రాములు, వేరుసెనగ పిక్కలు 140 గ్రాములు తూగాయి. ఇక్కడివారు ముఢి అనే మురమురాలు అదే గ్లాసులో 16 గ్రాములే. సాయంత్రం వేళ ముఢిలో ఉల్లిపాయ, పిక్కలు కలుపుకుని తినడం ఈ ప్రాంతంలో ఇంటింటా ఉన్న అలవాటు. గ్లాసు ముఢికి 60 కిలో క్యాలరీలు, గ్లాసు పిక్కలకు 790 కిలో క్యాలరీలు. "ఒక గ్లాసు తిన్నాను" అన్న మాటలో ఇంత దూరం ఇమిడి ఉంది. ముఢి తేలిక కనుక ఎంత తిన్నా పరవాలేదనుకుని, పైన గుప్పెడు పిక్కలు చల్లుకునేవారికి చెడుపు చేసేది ఆ గుప్పెడే. జీడిపప్పు సంగతీ అంతే: మా వైపు చుట్టాలు వస్తే పళ్ళెంలో పెట్టకుండా ఉండలేము, 30 గ్రాములకే 165 కిలో క్యాలరీలు దాటిపోతాయి.

నూనె దగ్గర ఇంకా స్పష్టంగా తెలిసింది. నూనె డబ్బాను కాటా మీద ఉంచి, అంకెను సున్నా చేసే మీట నొక్కి, డబ్బా తీసి ఎప్పటిలాగే మూకుట్లో పోసి, తిరిగి కాటా మీద పెట్టాను. తెర మీద మైనస్ 38 అని కనిపించింది. వంకాయ కూరలోకి నేను "కొంచెం" అనుకుని పోసినది అది. గ్రాము నూనెకు 9 కిలో క్యాలరీల చొప్పున, ఒక్క కూరకే 340 కిలో క్యాలరీలు దాటాయి. గరిటెతో కొలిస్తే ఈ సంగతి తెలియదు, ఎందుకంటే ఏ ఇంటి గరిటె దానిదే, అంచు దాకా పోయడం వేరు, పొంగేలా పోయడం వేరు. చేతి కొలతకైతే నూనె అసలు అందదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలలో, 2,000 కిలో క్యాలరీల భోజనానికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85, కూరగాయలు 400, పళ్ళు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు అని ఉంది. బరువు తగ్గేవారికి సాధారణంగా ఇంతకంటే తక్కువే అవసరమవుతుంది. 27 గ్రాముల నూనె అంటే నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. మా ఇంట్లో అయిదు లీటర్ల డబ్బా నెల తిరగకుండానే ఖాళీ అయ్యేది. ఈ లెక్క వేసుకోవడానికి గిద్దా సోలా పనికిరావు; గ్రాములు చూడక తప్పదు.

అయితే కాటా కూడా తప్పుదారి పట్టిస్తుంది, ముఖ్యంగా నీళ్ళు చేరిన తిండి దగ్గర. బియ్యం ఉడికితే బరువు రెండున్నర నుంచి మూడు రెట్లు అవుతుంది. ఉప్పుడు బియ్యం, అంటే ఇక్కడి అంగళ్ళలో ఉసునా అని అడిగే బియ్యం, నీళ్ళు మరికొంత ఎక్కువ పీలుస్తాయి. కాబట్టి 200 గ్రాముల అన్నం అన్న అంకె ఇంటింటికీ వేరు. ఎండాకాలం ఒడియా పొరుగువారితో పాటు మేమూ పఖాళ, అంటే నీళ్ళు పోసిన అన్నం, తింటాము. నీళ్ళు పోసిన తరువాత గిన్నె తూస్తే కాటా నీళ్ళనే ఎక్కువ చూపుతుంది. అంబలికీ ఇదే వర్తిస్తుంది. పఖాళకు నీళ్ళు పోయక ముందు అన్నాన్నీ, అంబలికి కలపక ముందు చోడిపిండినీ తూచాలి. అన్ని ధాన్యాలకూ పచ్చి బరువు చూడడమే సరి అయిన పద్ధతి, పైన చెప్పిన మార్గదర్శకాల అంకెలూ పచ్చి బరువులే.

ఇక్కడే సోల తన గొప్ప చూపిస్తుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం అని చిన్నప్పుడు మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న వరసంతా పచ్చి ధాన్యానికి కట్టినదే. కాటాతో ఒక్కసారి సరిచూసుకుంటే గిద్ద మళ్ళీ మోసం చేయదు. మా గిద్దను నింపి అంచుకు సరిగా గీస్తే 59 గ్రాముల బియ్యం పడుతుంది. నలుగురికి మధ్యాహ్నం ఆరు గిద్దలు పోస్తాను, వండిన అన్నంలో నాలుగో వంతు నాది, అంటే గిద్దన్నర. అంతకు ముందు నేను రెండు గరిటెలని చెప్పుకుంటూ వడ్డించుకున్న అన్నాన్ని తూస్తే 412 గ్రాములు ఉండేది. ఇప్పుడు 257 గ్రాముల దగ్గర నిలుస్తోంది. గరిటె వెయ్యక ముందు చూపుతో నాలుగు భాగాలు చేయడం వారంలోనే అలవాటయింది.

ఉమ్మడి వంటలో కాటా వాడడం కష్టమని చాలామంది అంటారు. నేను ఖాళీ గిన్నెల బరువులు అలమర తలుపు లోపలి వైపు పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను: మూకుడు 1,140, పప్పు గిన్నె 620. కూర దించాక మొత్తం తూచి గిన్నె బరువు తీసేస్తే కూర బరువు వస్తుంది, అందులో నా వాటాకు ఎంత నూనె వచ్చిందో లెక్క తేలుతుంది. ఇది నెల రోజులు చేస్తే చాలు, ఆ తరువాత నూనె ఒక్కటి తూచి పోస్తే సరిపోతుంది.

మా అత్తగారికి మొదట్లో కాటా అంటే గిట్టలేదు. "తూచి తిన్న తిండి ఒంటికి పట్టదమ్మా" అన్నారు. ఆ మాటను నేను తేలికగా తీసుకోలేదు, ఎందుకంటే పళ్ళెంలో పెట్టిన ముద్దను తిరిగి తూచడం పక్కన కూర్చుని తినేవారికి నిజంగా ఇబ్బందే. అందుకే కాటాను వడ్డన దగ్గరకు తేవడం మానేశాను. బియ్యం కడగక ముందు, నూనె పోసేటప్పుడు, పిక్కలు డబ్బాలోంచి తీసేటప్పుడు మాత్రమే అది పని చేస్తుంది. ఆవిడ ఇప్పుడు తన మోకాళ్ళ నొప్పి కోసం తన బియ్యం కూడా గిద్దతోనే పోసుకుంటున్నారు.

చేతి కొలత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అరచేయంత చేప లేదా మాంసం, పిడికిలంత అన్నం, రెండు దోసిళ్ళ కూరగాయలు అనే లెక్క పాతపట్నంలో పెళ్ళి భోజనానికి కూర్చున్నప్పుడు ఆదుకుంటుంది. మనిషి పెద్దవాడైతే చెయ్యి కూడా పెద్దది కనుక కొంత న్యాయం దానిలో ఉంది. దోసెలలో, కూరల్లో దాగిన నూనెను అది పట్టుకోలేదు, కాబట్టి దాని మీదనే ఆధారపడి తగ్గినవారు నాకు తెలిసి తక్కువ.

కాటా అందరికీ కాదు. ఇన్సులిన్ లేదా మధుమేహ మాత్రలు వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు, కనుక ముందు డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు సరిచేయించుకోవాలి. గర్భిణులకూ ఎదిగే పిల్లలకూ తూచి తగ్గించే పని వద్దు. ప్రతి ముద్దకూ అంకె వెతుకుతూ తిండి అంటేనే భయం మొదలైనవారు కాటాను అటక మీద పెట్టి గిద్దతో సరిపెట్టుకోవడం మేలు.

కొనేవారు 5 కిలోల దాకా తూచేది, ఒక్కొక్క గ్రాము చూపేది, సున్నా చేసే మీట ఉన్నది చూసుకోవాలి. మెత్తటి గుడ్డ మీద, వాలుగా ఉన్న గట్టు మీద పెడితే అంకె తప్పుతుంది. రెండు మూడు గ్రాముల ఉప్పు, మసాలా వంటివి అది సరిగా పట్టలేదు. నెలకొకసారి ఖాళీ పాత్ర పెట్టి సున్నా చేసి, కొలగ్లాసుతో అర లీటరు నీళ్ళు పోసి చూడండి. 500 దరిదాపుల్లో నిలవకపోతే ముందు బ్యాటరీ మార్చండి.