తిరుపతిలో కుక్కపిల్లను కొంటున్నారా? “60 రోజుల పిల్ల” అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

తిరుపతి, చిత్తూరు వైపు కుక్కపిల్ల కోసం చూస్తున్నవాళ్లు అడ్వాన్సు ఫోన్‌పే చేసేముందు ఇది చదవండి.

కొర్లగుంటలో మా అక్కవాళ్లు పిల్లల కోసం ఒక ల్యాబ్రడార్ పిల్లను కొన్నారు. 60 రోజుల పిల్ల, ఒక డోసు టీకా అయిపోయిందని అమ్మినాయన కార్డు కూడా ఇచ్చాడు. తల్లిని చూపించమంటే, “అది బెంగళూరులో ఉందన్నా, బస్సుకు పిల్లలే వస్తాయి” అన్నాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఇట్లా అమ్మేది ఆయనొక్కడే కాదు కాబట్టి పద్ధతి చెబుతున్నా.

వారం తిరక్కుండానే అది తిండి మానేసింది. వాంతులు, ఆ తర్వాత రక్తంతో విరేచనాలు. ఫోన్ చేస్తే, “నీళ్లు మారినాయి, మీరేమన్నా పెట్టింటారు, సర్దుకుంటాది” అన్నాడు. పశువుల డాక్టరు మలం పరీక్ష చేసి పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) అని తేల్చారు. సెలైన్లు పెట్టినా బతకలేదు. పిల్లలిద్దరూ ఇంకా దాని పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తున్నారు.

పార్వో వైరస్ ఒంట్లో చేరినాక ఎక్కువగా 3 నుంచి 7 రోజులకు బయటపడుతుంది. అంటే వచ్చిన రెండు మూడు రోజుల్లోనే జబ్బు పడిందంటే, అది అమ్మినచోటనో దారిలోనో అంటుకున్నదే. మీరు పెట్టిన అన్నం వల్ల వచ్చింది కాదు. ఆ మాటకు భయపడి నోరు మూసుకోవద్దు.

వయసు కూడా అబద్ధమే. 8 వారాలకు పాలపళ్లు మొత్తం 28 వచ్చేసి ఉంటాయి. డాక్టరు నోరు తెరిచి చూస్తే దీనికి వెనక పళ్లు ఇంకా సరిగా మొలవనే లేదు. కుక్కల పెంపకం, అమ్మకంపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. అది చూపించమని అడగండి, తడబడితే వెనక్కి వచ్చేయండి.

టీకా కార్డు మీద తేదీ, ముద్ర ఉంటే చాలదు. మందు సీసా మీది స్టిక్కర్ బ్యాచ్ నంబరుతో సహా అంటించి ఉండాలి, పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మావాళ్లకిచ్చిన కార్డులో స్టిక్కరే లేదు. ఒక డోసు నిజంగా వేసినా సరిపోదు, 16 వారాల వయసు దాకా మళ్లీ మళ్లీ వేయించాలి. అందాకా వీధిలో దించకండి, ఆస్పత్రికి వెళ్లినా ఒళ్లోనే పెట్టుకోండి.

ఇంటికి తెచ్చిన మొదటి రోజుల్లో ఆవుపాలు పోయకండి, కడుపు చెడుతుంది. అక్కడ ఏం తినేదో అదే కొన్నాళ్లు పెట్టి మెల్లగా మార్చండి. స్నానం వద్దు. పూట తిండి మానేసి నీరసపడినా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. మనకు ఇక్కడే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆస్పత్రి ఉంది. అసలు మిగతా డబ్బు కట్టకముందే డాక్టరుకు చూపిస్తానని అమ్మేవాళ్లతో చెప్పండి. ఒప్పుకోనివాళ్ల దగ్గర కొనొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. గొడవ చేస్తే అమ్మినాయన “ఇంకో పిల్లనిస్తా, ఊరుకోండి” అన్నాడు. దయచేసి తీసుకోకండి! పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి గచ్చు తడిపి పది నిమిషాలు వదిలేయాలి. దాని గిన్నె, పరుపు పారేయాలి. టీకాలన్నీ పూర్తికాని పిల్లను ఆ ఇంట్లోకి తెస్తే దానికీ అదే గతి.

బిల్లు, ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మాటలు, ఆస్పత్రి చీటీలు అన్నీ దాచిపెట్టుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. మావాళ్లు ఫిర్యాదు రాస్తున్నారు. ఇదే తీరులో మోసపోయినవాళ్లుంటే మీరూ వేయండి.