రేపటి వాతావరణమా, పాత రోజు పటాలా: అంచనా అభ్యాసాలకు ఏది మేలు?

వాతావరణ శాస్త్రంలో అడుగుపెట్టిన విద్యార్థుల చేత అంచనాలు వేయించడానికి రెండు దారులున్నాయి. రోజూ రేపటికి అంచనా రాయించి, మర్నాడు పరిశీలనలతో సరిచూడటం ఒకటి. ఎప్పుడో శీతల వాతాగ్రం (వేడి గాలిని తోసుకుంటూ వచ్చే చల్లగాలి అంచు) దాటిన రోజును తీసుకుని, నాటి పటాలు ఒక్కొక్కటే ముందు పెట్టి ‘తర్వాత ఏమవుతుంది?’ అని అడగడం రెండోది. మా ఓటు మొదటిదానికే. కాకపోతే రెండోదానితో మొదలుపెట్టకుండా నేరుగా అందులోకి దింపితే విద్యార్థులు తేలిపోతారు.

పాత రోజుతో వచ్చే లాభం, ఆ రోజును మనమే ఎంచుకోవచ్చు. వాతాగ్రాల పాఠం చెప్పే వారంలోనే నిజంగా ఒకటి వస్తుందన్న హామీ లేదు కదా. గంటన్నర తరగతికి 850, 500 హెక్టాపాస్కల్ పటాలు (గాలి పీడనం అంత ఉండే పై ఎత్తుల పటాలు), పై గాలిని కొలిచే ఒక బెలూన్ పరిశీలన, ఒక వాతావరణ స్టేషన్ గంట గంట రీడింగులు, ఆరు గంటల తేడాతో మూడు ఉపరితల పటాలు చాలు. మొదటి రెండు ఉపరితల పటాల మీద సమభార రేఖలు (ఒకే పీడనమున్న చోట్లను కలిపే గీతలు) పెన్సిల్‌తో గీయించి, అంచనా రాయించి, కాగితాలు చేతికి తీసుకున్నాకే మూడోది చూపాలి. లేదంటే జవాబు కనబడగానే రాసింది దిద్దేసుకుంటారు. తేదీ, స్టేషన్ పేరు చెరిపేయాలి. అవి ఉంటే ఫోన్‌లో వెతకడానికి నిమిషం పట్టదు. బదులుగా అక్షాంశం, ఎత్తు, సముద్రం ఎంత దూరమో ఇవ్వండి. ఎంచుకున్న పాత రోజుల్లో ఏమీ జరగని రోజు ఒకటైనా ఉండాలి. ఎప్పుడూ తుఫాను పటాలే చూపిస్తే, ప్రతి అల్పపీడనమూ వాన కురిపించి తీరుతుందన్న భ్రమ పడుతుంది.

రేపటి అంచనాలో ఆ రక్షణ లేదు. జవాబు ఎవరి దగ్గరా ఉండదు, ఉపాధ్యాయుడి దగ్గర కూడా. విద్యార్థి పటాన్ని శ్రద్ధగా చదివేది అందుకే. మూడు అంకెలు అడిగితే చాలు: గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, వాన పడే అవకాశం. ‘రోజు’ ఏ గంట నుంచి ఏ గంట వరకో ముందే ఖాయం చేయాలి. అర్ధరాత్రి దాటాక శీతల వాతాగ్రం వస్తే ఆ రోజు గరిష్ఠం రాత్రి పన్నెండూ పదికే నమోదైపోవచ్చు. మధ్యాహ్నాన్నే ఊహించినవాళ్లు అక్కడే బోల్తా పడతారు.

గరిష్ఠానికి చేతిలెక్క ఒకటి నేర్పాలి. 850 హెక్టాపాస్కల్ స్థాయి సుమారు 1500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పొడి గాలి కిందికి దిగితే కిలోమీటరుకు 9.8 డిగ్రీలు వేడెక్కుతుంది. అక్కడ 14 డిగ్రీలుంటే సముద్రమట్టంలోని స్టేషన్‌లో దాదాపు 29 రావాలి. స్టేషన్ 600 మీటర్ల ఎత్తున ఉంటే కలపాల్సింది 15 కాదు, 9 మాత్రమే. ఎండ కాసి, గాలి ఆ ఎత్తు దాకా కలిసిపోతేనే ఈ లెక్క పనిచేస్తుంది. పొద్దున మబ్బు విడవకపోయినా, నేల తడిగా ఉన్నా, సముద్రపు గాలి ముందే వచ్చినా అసలు ఉష్ణోగ్రత అంతకన్నా తగ్గుతుంది. కనిష్ఠానికైతే, మబ్బూ గాలీ లేని రాత్రి, సాయంత్రపు డ్యూపాయింట్‌తో (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతతో) మొదలుపెట్టమనండి. గాలి ఆ ఉష్ణోగ్రతకు చేరాక ఆవిరి నీరై వేడిని వదులుతుంది, చల్లబడటం మందగిస్తుంది.

ఈ పద్ధతిని పాడుచేసేది కాపీ. యాప్‌లో ఉన్న అంకె దించేస్తే నేర్చుకున్నది సున్నా. అందుకే మూడు గడుల కాగితం పెట్టాలి: మోడల్ (కంప్యూటర్ అంచనా) అంకె, నా అంకె, తేడాకు కారణం. తేడా లేకపోయినా ఎందుకు ఒప్పుకున్నారో ఒక వాక్యం రాయాలి. ‘ఇవాళ్టిదే రేపూ’ అనే అంచనాను, ఆ తేదీ దీర్ఘకాల సగటును పోటీదారులుగా పట్టికలో చేర్చండి. వాతావరణం నిలకడగా ఉన్నన్నాళ్లూ మొదటిది గెలుస్తూనే ఉంటుంది, విద్యార్థులు నీరుగారిపోతారు. రెండు వారాలకోసారి స్టేషన్ మార్చడమే దీనికి విరుగుడు: తీరప్రాంతం, పీఠభూమి, వాతాగ్రాలు తరచూ దాటే చోటు.

వానకు మార్కులు వేసే తీరులో చాలామంది పొరబడతారు. చెప్పిన సంభావ్యతకూ జరిగినదానికీ (వాన పడితే 1, పడకపోతే 0) తేడాను నేరుగా జరిమానా చేస్తే అబద్ధం లాభిస్తుంది. నిజంగా 70 శాతం నమ్మకమున్నవాడు 70 అనే రాస్తే సగటు జరిమానా 0.42, 100 అని రాస్తే 0.30. 1950లో గ్లెన్ బ్రయర్ ప్రతిపాదించిన పద్ధతిలో ఆ తేడాను వర్గం చేస్తారు. అప్పుడు 70కి 0.21, 100కి 0.30. నమ్మినది రాసినవాడే నెగ్గుతాడు.

మొదటి రెండు వారాలు పాత రోజులు మూడు, ఆపైన ఆరు వారాలు వారానికి నాలుగు రేపటి అంచనాలు. గ్రేడు మాత్రం కారణాల గడికే ఇవ్వండి. ఇరవై నాలుగు అంచనాల్లో అదృష్టం పాలు ఇంకా ఎక్కువే ఉంటుంది. అంచనాలకు దొరికేది రెండు మూడు తరగతులే అయితే పాత రోజులే మేలు. అంత తక్కువ వ్యవధిలో స్కోరు పట్టికకు అర్థమే ఉండదు.