పైప్ ఆర్గన్‌: కర్రపట్టీ మేలా, కరెంటు తీగ మేలా?

హార్మోనియం మెట్టు నొక్కితే వెనక మూత లేచి గాలికి దారి ఇస్తుంది. పైప్ ఆర్గన్‌లో (చర్చిల్లో కనిపించే, గాలితో పైపులు పలికే పెద్ద వాద్యం) మెట్టు ఒకచోట ఉంటే, పైపు ఎక్కడో మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ దూరం దాటించడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి.

పాతది ట్రాకర్. మెట్టు నుంచి సన్నని కర్రపట్టీలు వెళ్లి పైపుల కింద ఉండే గాలిపెట్టెలోని మూతను లాగుతాయి. హాంబర్గ్‌లోని సెయింట్ జాకోబీ చర్చికి ఆర్ప్ ష్నిట్గర్ 1693లో పూర్తిచేసిన ఆర్గన్‌ది ఇదే పద్ధతి. మెట్టు కొంచెం దిగగానే, మూతను అదిమిపట్టిన గాలి వేలికి అడ్డు తగులుతుంది. మూత విడగానే మెట్టు ఒక్కసారిగా తేలికవుతుంది. స్వరం ఎక్కడ పుట్టిందో వేలికి తెలుస్తుందన్నమాట. వాతావరణం మారి పట్టీ బిగుసుకున్నా వదులైనా, దాని కొసన తీగకున్న చిన్న తోలు మరను తిప్పితే సరిపోతుంది.

చిక్కల్లా పెద్ద ఆర్గన్‌లతోనే. మూడు నాలుగు కీబోర్డులు కలిపి వాయిస్తే మెట్లు నొక్కలేనంత బరువెక్కుతాయి. ఫ్రెంచ్ ఆర్గన్‌ నిర్మాత కవాయే-కోల్ 1841లో పారిస్ దగ్గరి సెయింట్ డెనీ చర్చిలో బార్కర్ లివర్‌ వాడింది ఇందుకే. వేలు ఒక చిన్న తిత్తిలోకి గాలి వదిలితే, బరువంతా ఆ తిత్తే లాగుతుంది. పారిస్‌లోని సెయింట్ సుల్పీస్‌లో 1862 నాటి ఆయన ఆర్గన్‌కు 100 స్టాప్‌లు (ఒక్కో రకం ధ్వనిని ఎంచుకునే మీటలు). అది ఇప్పటికీ ఆ లివర్లతోనే పలుకుతోంది.

కరెంటు పద్ధతిలో మెట్టు ఒక స్విచ్, అంతే. పైపులు ఎంత దూరానున్నా ఫర్వాలేదు. అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో ఉన్న బోర్డ్‌వాక్ హాల్లో 33,000కు పైగా పైపులు వేర్వేరు గదుల్లో పరిచారంటే అది తీగల వల్లే. అలాంటి చోట ట్రాకర్ పేరెత్తడం కూడా దండగ. కానీ ఇలాంటి చాలా ఆర్గన్‌లలో మూతలు తెరిచే చిన్న తోలు తిత్తులు కొన్ని దశాబ్దాలకే చిట్లుతాయి. వేలాది తోళ్లు మార్చడమంటే మామూలు ఖర్చు కాదు.

అమెరికన్ ఆర్గన్‌ నిర్మాత చార్లెస్ ఫిస్క్ యువకుడిగా లాస్ అలమోస్‌లో అణుబాంబు ప్రాజెక్టులో ఎలక్ట్రానిక్స్ పని చేశారు. తీగలంటే తెలియనివాడు కాదు. అయినా 1961లో మసాచుసెట్స్‌లోని గ్లౌస్టర్‌లో సొంత వర్క్‌షాప్ పెట్టి ట్రాకర్ ఆర్గన్‌లే కట్టారు.

రెండు మూడు కీబోర్డుల చర్చి ఆర్గన్‌ అయితే నేనూ ట్రాకరే అంటాను. వేలికి తెలిసే ఆ స్పర్శ ఒక కారణం, మంచి వడ్రంగి చేతిలో బాగయ్యే గుణం ఇంకో కారణం. ఆర్గన్‌కంతటికీ గాలినిచ్చే పెద్ద తిత్తులు నింపడానికి మాత్రం మోటారే మేలు. ఒకప్పుడు ఆ పనికి వెనకాల మనుషులు నిలబడి తొక్కాల్సి వచ్చేది.