మొహానికి మేలు, కాలర్‌కి కీడు: అవోబెంజోన్ సన్‌స్క్రీన్‌తో కొన్నేళ్లు

ముందే చెప్పేస్తాను, ఎండ కిరణాలను పీల్చుకునే అవోబెంజోన్ అనే పదార్థం ఉన్న ఈ సన్‌స్క్రీన్ మంచి లోషనే. జిడ్డు లేదు, తెల్లటి పూత మిగలదు, రాసుకున్న కాసేపటికే చర్మంలో కలిసిపోతుంది. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె ఎంత, పీఏ పక్కన ప్లస్సులు ఎన్ని అన్నవి సీసా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవంతా తెల్ల చొక్కాల గురించి. ఈ లోషన్ పద్ధతిగా రాయడం మొదలుపెట్టాక నా తెల్ల చొక్కా ఒక్కటి కూడా తెల్లగా మిగల్లేదు.

కాలర్ లోపలి అంచున, పై గుండీ దగ్గర, చేతుల మడతల్లో నారింజ రంగు మరకలు. చెమట మరకలైతే లేత పసుపుగా మొదలై మెల్లగా ముదురుతాయి. ఇవి అలా కావు. తడిసిన మేకు మీద బట్ట ఆరేసినట్టు అచ్చం తుప్పు రంగు. నన్ను ఎక్కువ తికమక పెట్టింది ఇంకొకటి. విప్పి బుట్టలో వేసేటప్పుడు చొక్కా శుభ్రంగానే ఉండేది. ఉతికి ఆరేశాకే మరక బయటపడేది. మురికి పోవాలని ఎవరైనా ఉతుకుతారు, మా ఇంట్లో ఉతికితేనే మురికి వస్తోంది.

మొదటి అనుమానం వాషింగ్ మెషీన్ మీదకు పోయింది. డ్రమ్ లోపల ఎక్కడో తుప్పు పట్టిందని అందరం తీర్మానించాం. మెకానిక్ వచ్చి, విప్పి చూసి, ఏమీ లేదని మళ్లీ బిగించి, విజిట్ చార్జీ తీసుకుని వెళ్లాడు. డిటర్జెంట్ మారింది. తెల్లబట్టలకని అమ్మే బ్లీచ్ కూడా పడింది. దాంతో మరక పోకపోగా ఇటుక రంగుకు తిరిగింది. తర్వాత దిండు గలీబులు, మొహం తుడుచుకునే టవల్ కూడా అదే దారి పట్టాయి. ఇంట్లో మిగతావాళ్ల బట్టలు మాత్రం మెరిసిపోతున్నాయి. అదే మెషీన్, అదే సబ్బు, అవే నీళ్లు, నా ఒక్కడి బట్టలకే ఈ ఖర్మ ఏమిటో అంతుబట్టలేదు.

చిక్కుముడి విప్పింది మా అక్క. తను కెమిస్ట్రీ చెబుతుంది. చూడటానికి వచ్చి, దండెం మీద చొక్కా చూసి, "ఇది చెమట కాదురా. నీ మెడకి ఏం రాస్తున్నావు?" అంది. సీసా తెచ్చిచ్చాను. వెనకున్న పదార్థాల జాబితా చదివి, పాత తెల్ల గుడ్డ ఒకటి అడిగింది. దాన్ని రెండుగా చించి, రెండు ముక్కల మీదా లోషన్ చుక్క వేసి ఆరనిచ్చింది. ఒకదాన్ని బోరు నీళ్లలో, రెండోదాన్ని తాగడానికి పట్టుకునే ఫిల్టర్ నీళ్లలో, ఒకే సబ్బుతో ఉతికింది. ఆరేసరికి ఫిల్టర్ నీళ్ల ముక్క ఎలా ఉన్నది అలాగే ఉంది. బోరు నీళ్ల ముక్క మీద, లోషన్ చుక్క వేసిన చోటే, నారింజ రంగు వలయం. "మెకానిక్‌ని తిట్టుకున్నది చాలు" అని నవ్వింది. నాకు మాత్రం అప్పటికి నవ్వు రాలేదు.

అసలు సంగతి ఏమిటంటే, ఇందులో ఉన్న అవోబెంజోన్ నూనెలో కరిగే పదార్థం, నీళ్లకు లొంగదు. మామూలు ఉతుకులో బట్ట నుంచి పూర్తిగా పోదు. అది ఇనుముతో కలిస్తే ముదురు రంగున్న సమ్మేళనం ఏర్పడుతుంది. లీటరు నీళ్లలో ఇనుము 0.3 మిల్లీగ్రాములు దాటితే ఉత్త బట్టల మీదే మరకలు పడతాయంటారు. మా బోరు నీళ్లు ఆ గీతకు కాస్త ఇవతలే ఉన్నాయేమో, మిగతావాళ్ల బట్టలకు ఏమీ కాలేదు. నా కాలర్‌లో మాత్రం ఇనుమును పట్టుకోవడానికి అవోబెంజోన్ కాచుకుని కూర్చుంది. మరకలో ఉన్నది ఇనుము కాబట్టి బ్లీచ్ పడేకొద్దీ అది ఇంకా మొండికేస్తుంది. ఇంత తెలిసిన విషయం మీద నా సీసా పైన ఒక్క ముక్క లేదు. కళ్లలో పడితే ఏం చేయాలో ఉంది, పిల్లలకు అందకుండా పెట్టమని ఉంది, బట్టల సంగతి లేదు. కస్టమర్ కేర్‌కి రాస్తే "పూర్తిగా ఆరాక దుస్తులు ధరించండి" అని జవాబు వచ్చింది. ఆరాకే ధరిస్తున్నానండీ.

అయితే దీన్ని పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చుగా అంటారు. కోపం వచ్చిన రోజు నేనూ అదే అనుకున్నాను. అవోబెంజోన్ ఏం పని చేస్తుందో చదివాక చెయ్యి ఆగింది.

ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా చర్మం ఎర్రగా కమలడం గురించి చెబుతుంది. అది ఎక్కువగా ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకం పని. ముడతలకు, చర్మం వదులవడానికి పెద్ద భాగస్వామి యూవీఏ అనే ఇంకో రకం. నేలకు చేరే అతినీలలోహిత కిరణాల్లో 90 శాతం పైగా అదే. కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది కానీ యూవీఏని చాలావరకు లోపలికి వదిలేస్తుంది, చర్మంలో కూడా అది ఎక్కువ లోతుకు దిగుతుంది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో 69 ఏళ్ల డ్రైవర్ ఫొటో ఒకటి వచ్చింది. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన మనిషి. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి, దళసరిగా వేలాడుతోంది. కుడి చెంప చూస్తే కొన్నేళ్లు చిన్నవాడిలా ఉంటాడు. నాకూ రోజులో చాలా భాగం డ్రైవింగే. కారు ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి చేసింది కాబట్టి యూవీఏని బాగానే ఆపుతుంది, పక్క అద్దాలను అంత నమ్మలేం. ఆ ఫొటో చూశాక చొక్కా మరకలు కాస్త చిన్నవిగా కనిపించాయి. కాస్త మాత్రమే.

ఈ యూవీఏలో పొడవాటి తరంగాలను, 360 నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్నవాటిని, బాగా పీల్చుకునేది అవోబెంజోన్. ఇంకా చెప్పాలంటే, సన్‌స్క్రీన్ రాసుకుంటే చర్మం ముదరడం తగ్గుతుందని మనుషుల మీద చూపించిన పెద్ద ప్రయోగంలో వాడిన క్రీములోనూ ఇది ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నంబోర్ అనే ఊళ్లో 1992 నుంచి 1996 దాకా అడెల్ గ్రీన్ బృందం నడిపిన ప్రయోగం అది. వయసు ఛాయలకు సంబంధించిన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. 55 ఏళ్ల లోపువాళ్లు 903 మందిని తీసుకుని, కొందరిని తల, మెడ, చేతులకు రోజూ రాసుకోమన్నారు, మిగతావాళ్లను మీ ఇష్టం వచ్చినట్టు వాడుకోండి అన్నారు. అరచేతి వెనక భాగాన్ని సిలికాన్‌తో అచ్చు తీసి గీతలు లెక్కగట్టారు. నాలుగున్నరేళ్ల తర్వాత రోజూ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం రెండో గుంపు కంటే 24 శాతం తక్కువ. అది ఎస్‌పీఎఫ్ 15 క్రీము. అంకె చూసి మురిసిపోయే మనకు అది చేదు మాత్రే. అవోబెంజోన్ ఎండకు తనే విరిగిపోతుందన్న చెడ్డపేరు ఉంది, ఆ క్రీములో దానికి జోడీగా ఉన్న ఆక్టినాక్సేట్ అనే ఇంకో సన్‌స్క్రీన్ పదార్థం ఆ విరగడాన్ని ఇంకా పెంచేది. అయినా రోజూ రాసుకున్నవాళ్లకు ఫలితం కనిపించింది. ఇప్పటి లోషన్లలో అవోబెంజోన్ నిలవడానికి ఆక్టోక్రిలీన్ లాంటివి కలుపుతున్నారు, నాదాంట్లోనూ ఉంది.

చర్మం ఎర్రబడకపోతే ఎండ ఏమీ చేయనట్టే అనుకునేవాళ్లు మన చుట్టూ చాలామంది. మిషిగన్ యూనివర్సిటీలో గ్యారీ ఫిషర్, జాన్ వూర్‌హీస్ బృందం 1996లో చూపించినదాన్ని బట్టి, ఎర్రబడటానికి చాలని అతినీలలోహిత కిరణాల మోతాదు కూడా కొన్ని గంటల్లోనే, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ని కోసే ఎంజైములను లేపుతుంది. చామనఛాయ వాళ్లం కమలడం తక్కువ కాబట్టి, ఈ నష్టం మనకు కనబడకుండానే జరిగిపోతుంటుంది.

ఇంతకుముందు "జిడ్డు లేదు, ఇట్టే కలిసిపోతుంది" అని రాశాను కదా. అది తక్కువ రాసుకుంటే. సీసా మీది ఎస్‌పీఎఫ్‌ని కొలిచేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున. మనలో చాలామంది అందులో సగం కూడా రాసుకోరు. ఆ లెక్క ప్రకారం మొహానికి, మెడకు పట్టిస్తే ఇదీ మిగతావాటిలాగే జిడ్డుగా మెరుస్తుంది, నుదురు చెమటతో కలిసి కళ్లలోకి దిగితే మండుతుంది. ఆ మోతాదే కాలర్‌కి అంటుకునేదీ. పొదుపుగా రాసినన్నాళ్లూ నా చొక్కాలు బాగానే ఉన్నాయి, పద్ధతిగా రాయడం మొదలుపెట్టాకే అసలు కథ మొదలైంది.

చర్మం సంగతికి వస్తే, మునుపటి కంటే మోచేతుల కింద భాగం నునుపుగా ఉందని నాకనిపిస్తుంది. అదే కాలంలో ఫుల్ హ్యాండ్స్ చొక్కాలకు మారాను, కాబట్టి ఆ మెప్పు ఎవరి ఖాతాలో వేయాలో చెప్పలేను. చెంపల మీద మంగు మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. దానికి ఈ లోషన్‌ని నిందించను. చామనఛాయ, నల్లటి చర్మాన్ని కంటికి కనిపించే వెలుతురు కూడా నల్లబరుస్తుందని 2010లో అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు చూపించారు. అవోబెంజోన్ ఆ వెలుతురును ఆపదు. దానికి ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ కావాలి. ఇనుముతో నా అనుభవం చూశాక దాన్ని కొనడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

మరకలకు ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. విప్పిన వెంటనే కాలర్‌కి గిన్నెలు తోమే లిక్విడ్ రుద్ది కాసేపు వదిలేస్తాను, ముందు ఆ నూనె సంగతి తేలాలి. అప్పటికే రంగు వచ్చేసి ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెడతాను. కొత్త మరక చాలావరకు పోతుంది, పాతది లేతబడుతుంది. బ్లీచ్ తగిలినవాటికి మాత్రం ఆశ వదులుకోవడమే. ఒక జాగ్రత్త: నిమ్మ ఉప్పునూ బ్లీచ్‌నూ పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది.

మొహానికి, చేతులకు ఇదే వాడుతున్నాను, మానే ఉద్దేశం లేదు. మెడకు మాత్రం జింక్ ఆక్సైడ్ క్రీముకు మారాను. అది ముదురు రంగు కాలర్ మీద తెల్ల చార వదులుతుంది కానీ ఉతికితే పోతుంది. మీరు ఎక్కువగా ముదురు రంగులు వేసుకునేవాళ్లయితే, మీ ఇంటి నీళ్లలో ఇనుము లేకపోతే, నేను పైన రాసిందాంట్లో సగం మీకు పట్టదు, నిశ్చింతగా కొనుక్కోండి. యూనిఫాం తెల్లగా ఉండాల్సిన ఉద్యోగమైతే ముందు పాత గుడ్డ మీద అక్క చేసిన పరీక్ష చేసి చూడండి. నా నీళ్లకు, నా చొక్కాలకు అయిదులో మూడున్నర ఇస్తున్నాను. ఇల్లు మారితే నాలుగున్నర చేస్తానేమో.