పురుగుల ట్రాప్ బాగుంది, కానీ ఏ పురుగుకో తెలుసుకుని కొనండి

ఉప్పునీటి అక్వేరియంలో పురుగులు పట్టడానికి కొన్న ఈ గొట్టం ట్రాప్ నాకు బాగా నచ్చింది. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, రెండు చివర్లా లోపలికి మాత్రమే తెరుచుకునే మూతలు. మధ్యలో చిన్న రొయ్య ముక్క పెట్టి, లైట్లు ఆర్పేశాక లైవ్ రాక్ (సూక్ష్మజీవులు, చిన్న జీవాలు కాపురముండే సముద్రపు రాయి) పక్కన ఇసుక మీద ఉంచాలి. పొద్దున్నే తీసేయాలి, లేదంటే రొయ్య కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది.

మొదటి రాత్రే ఒంటి పక్కల సన్నటి ముళ్లుండే లేత గులాబీ రంగు బ్రిసల్‌వార్మ్‌లు గుట్టగా దొరికాయి. వాటిని మళ్లీ ట్యాంకులోకే వదిలేశాను. మిగిలిన మేతను, చచ్చిన జీవాలను తిని శుభ్రం చేసేవి అవే కదా! అవి మరీ పెరిగాయంటే మనం మేత ఎక్కువ వేస్తున్నట్టు. అసలు భయపడాల్సింది ఫైర్‌వార్మ్‌కి. లావుపాటి ఒళ్లు, పక్కల తెల్లటి కుచ్చుల్లా ముళ్లు, వాటి మొదట్లో ఎర్రటి మొప్పలు. పగడం కొమ్మ చివరను నోట్లోకి తీసుకుని కండంతా తినేస్తుంది, తెల్లటి అస్థిపంజరం మిగులుతుంది. అదీ ఇందులో పడింది! గొట్టం తెరిచేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. ముళ్లు గుచ్చుకుంటే టేపు అతికించి లాగాలి.

ద్వారం ఇరుకు, అదే లోపం. తలపై ఐదు మీసాలుండే పెద్ద యునిసిడ్ పురుగు ఇందులో పట్టదు. అది దాక్కున్న రాయిని బయటికి తీయాల్సిందే. పలచగా, చదునుగా ఉండే ఫ్లాట్‌వార్మ్‌లకైతే ఈ ట్రాప్ దండగ, సన్నటి పైపుతో సైఫన్ చేయండి. మందు వేసేవాళ్లు ముందు వీలైనన్ని లాగేసి, తర్వాత నీటిలోని విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) పెట్టండి. ఎర్ర ఫ్లాట్‌వార్మ్‌లు చచ్చేటప్పుడు వదిలే విషం చేపల ప్రాణాల మీదికి తెస్తుంది.